అయిదో గేరు

పర్లాకిమిడిలో మా షెడ్డు ముందు
లారీలోంచి మూడు కాంటెస్సాలు దించేరు.
మూడూ నలుపే. మూడింటికీ ఒకటే నెంబరు.
ఒకే పేరు పెట్టుకున్న ముగ్గురన్నదమ్ముల్లాగ
ఎండలో నిలబడ్డాయి.

మొదటిది మొహానికి, అన్నాడు మేనేజరు.
రెండోది దెబ్బలకి.
మూడోది చావడానికి.
దానికి ఇంజనే లేదు. బానెట్టెత్తితే
ఆ ఖాళీలో ఎవరో మరిచిపోయిన బీడీకట్ట.

కాంటెస్సా సంగతి నాకు తెలీదా!
మూతి చూస్తే పులి,
లోపల అంబాసిడరు గుండె.
అంత పొడుగు బానెట్టు కింద యాభై గుర్రాలు,
అందులో సగం ముసలివి.
పెళ్ళివారితో రామగిరి ఘాటీ ఎక్కిందంటే
మూడో మలుపులోనే నీళ్ళడిగేది.

వెనక రెండు లావుపాటి గొట్టాలు వెల్డు చేసేను.
ఒకటి ఉత్తుత్తిది.
డిక్కీలో ముడుచుకు పడుకుని
లోకనాథ సవర దాంట్లోకి సాంబ్రాణి పొగ ఊదేడు.
బానెట్టు మీది గాలిపెట్టె అట్టది,
రంగు ఆరకముందే షాటు తీసేరు.

గేరు రాడ్డుకి బొడిపె కావాలన్నారు.
అదొక్కటీ అబద్ధం చెయ్యబుద్ధి కాలేదు.
కొమ్ముబొమ్మల బృందావన మహారణా దగ్గర
గేదెకొమ్ముతో చెక్కించేను.
మూడురోజులు నూరేడు. నూనె పూస్తే
నలుపు లోపల తేనెగీతలు తేలేయి.
పన్నెండొందలు. కంపెనీవాళ్ళిస్తారని చెప్పేను.

హీరోగారు బండి తోల్లేదు.
బండి లారీ మీద, లారీ ఎద్దులా నిదానంగా,
రెండుపక్కలా మా కుర్రాళ్ళు
చెట్టుకొమ్మలు పట్టుకుని
వెనక్కి వెనక్కి పరిగెత్తేరు.
అదీ వేగం.

దూకింది ఇళంగో, మద్రాసు మనిషి.
దిగేసరికి ముందుచక్రాలు రెండూ
అలిగినట్టు చెరో దిక్కుకీ తిరిగిపోయాయి.
మెడ పట్టుకుని దిగి, బొటనవేలు ఎత్తి చూపించి,
పొదచాటుకి పోయి వాంతి చేసుకున్నాడు.
అప్పటికి కెమెరా ఆపేసేరు.

మూడోదాన్ని పన్నెండుమందిమి లోయలోకి తోసేం,
తలకి రెండొందలు.
చప్పుడు లేకుండా పోయింది.
పడ్డాక
ఒక తలుపు మాత్రం చాలాసేపు కొట్టుకుంది.

ఆఖరిరోజున గేరు మార్చే చెయ్యి కావలసొచ్చింది.
హీరోగారు అప్పటికే విమానం ఎక్కేసేరు.
కిరసనాయిలుతో నా గ్రీజు కడిగేరు,
పౌడరు అద్దేరు, ఆయన గడియారం కట్టేరు.
బొటనవేలి గోరు నల్లగా చచ్చి ఉంది, జాకీ జారినప్పటిది.
దానికి గులాబీరంగు వేసేరు.
చెమటకి అదీ పోయింది.

సినిమా మా ఊరు వచ్చిననాడు
హాలు కిక్కిరిసిపోయింది.
మా కాంటెస్సా
ఎనిమిది సిలిండర్ల గొంతుతో గర్జించింది.
ఏ దేశపు బండి గొంతో అది.
నేను లెక్కపెట్టేను:
నాలుగు గేర్ల బండికి తొమ్మిదిసార్లు పైగేరు వేసేడు.
ఊడిపోయిన చక్రం మూతే
మూడు మలుపుల్లో మూడుసార్లు ఊడింది.
ఎగిరింది, దిగింది, చక్రాలు తిన్నగా ఉన్నాయి.
పక్కకుర్రాడికి చెప్పబోతే
"చుప్ మామా, చూడనీ" అన్నాడు.

అప్పుడు వచ్చింది ఆ చెయ్యి.
రెండే క్షణాలు. గోడంత.
తేనెగీతల కొమ్ము మీద
నల్లగోరు.
జనం ఈలలేసేరు, హీరోగారికి.
మా గవరమ్మ చీకట్లో నా చెయ్యి వెతికి
బొటనవేలు తడిమి చూసింది.
ఏమీ అనలేదు.

రోడ్డు మీదకొచ్చాక అంది:
"అతగాడు గేరు మార్చినప్పుడల్లా
కుర్చీలో నీ భుజం కదిలింది.
తొమ్మిదిసార్లూ."

మర్నాడు పొద్దున్నే ఒక కుర్రాడు
తుప్పుపట్టిన ఆల్టో తెచ్చి
"మామా, ఆ గొంతు దీనికి వస్తాదా?" అన్నాడు.
రాదురా, అది గొంతు కాదు, అతుకు, అని చెప్పబోయి
బృందావనం బాకీ గుర్తొచ్చి
ఎంతిస్తావన్నాను.